గాజుపెట్టెలో డిస్కు

"మన ఆసుపత్రిలో రోగం ఒక్క క్షణం ఆగదు. కాబట్టి మన కంప్యూటరు కూడా ఒక్క క్షణం ఆగదు!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లు మోగాయి. రోగం ఆగదన్న మాటకి కూడా చప్పట్లు కొట్టే సిబ్బంది దొరకడం అందరికీ రాసిపెట్టి ఉండదు.

సంగతేమిటంటే, రోగుల వివరాలు దాచే డిస్కు నూటికి తొంభై ఏడు వంతులు నిండిపోయింది. రోగులు పెరిగి కాదు. మంత్రిగారు ఆ ఆసుపత్రిని ముప్ఫై ఒక్కసార్లు సందర్శించారు. ప్రతి సందర్శననూ నాలుగు కెమెరాలతో వీడియో తీశారు. ఆ వీడియోలన్నీ రోగులతో పాటు అదే డిస్కులో చేరి విశ్రాంతి తీసుకుంటున్నాయి. వాటిని డిశ్చార్జి చేసే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని, నడుస్తున్న డిస్కుని నడుస్తుండగానే పెంచుతామనీ, బటన్ తామే స్వయంగా నొక్కుతామనీ మంత్రిగారు సెలవిచ్చారు.

వెనక వరసలో నిలబడ్డ ఒకావిడ ఆ మాట విని నెత్తి పట్టుకుంది. పద్దెనిమిదేళ్లుగా అక్కడి కంప్యూటర్లు చూసుకుంటున్న ఆవిడని అందరూ డిస్కమ్మ అంటారు. ఆవిడ చెల్లెలు నాలుగో అంతస్తులో, పన్నెండో నంబరు మంచం మీద ఉంది. గుండె జబ్బు. ఒకరకం ఇంజెక్షన్ ఆ పిల్లకి బొత్తిగా పడదు. పోయినసారి పొరపాటున ఇస్తే చావు తప్పి బయటపడింది. ఆ "పడదు" అన్న ఒక్క ముక్క ఉన్నది కూడా ఈ డిస్కులోనే.

మీటింగు అవగానే డిస్కమ్మ సూపరింటెండెంటుగారి గదికి వెళ్లింది.

"సార్, పెంచడం పెద్ద పనేం కాదు. డిస్కు ఒక గది అనుకోండి. ముందు దాని గోడ వెనక్కి జరుపుతాం, తర్వాత లోపల చాప పొడుగ్గా పరుస్తాం. కూచున్నవాళ్లు కూచున్నట్టే ఉంటారు. తగ్గించడమే ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు ముందు జనాన్ని లేపాలి, చాప మడవాలి, ఆ తర్వాతే గోడ జరపాలి. వరస తప్పిందా, అందరూ గోడ కిందే."

"చాప సంగతి తర్వాత చూద్దాం. బటన్ ఏ రంగు?"

"బటనేం ఉండదు సార్. రెండు లైన్లు టైపు చేస్తే అయిపోతుంది."

"మంత్రిగారు టైపు చేస్తారా? ఆయన స్థాయేంటి, టైపేంటి!"

"సరే సార్. ఇంకో మాట. ముందు మొత్తం ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోవాలి. ఏదైనా తేడా వస్తే..."

సూపరింటెండెంటు కళ్లజోడు తీశాడు. "అంటే మంత్రిగారు నొక్కితే తేడా వస్తుందంటావు. ఆ అనుమానం కాగితం మీద రాసి సంతకం పెడతావా?"

డిస్కమ్మ సంతకం పెట్టలేదు. తిన్నగా వార్డులకి వెళ్లి నర్సులని బతిమాలింది. ఆ రోజునుంచి వాళ్లు ఒక్కో రోగికి వాడే మందులూ, పడని మందులూ రూళ్ల నోటుబుక్కుల్లో రాయడం మొదలుపెట్టారు. "ఈ రోజుల్లో ఇదేం చాదస్తమమ్మా తల్లీ!" అని విసుక్కుంటూనే రాశారు. చెల్లెలి పేజీలో మాత్రం "పడదు" అని ఎర్ర ఇంకుతో డిస్కమ్మే రాసి, కింద రెండు గీతలు గీసింది.

వారం తిరక్కుండా, పాతదానికి జతచేయాల్సిన కొత్త డిస్కు వచ్చింది. వచ్చీ రాగానే దానికి రిబ్బను కట్టి, వేదిక మీద గాజుపెట్టెలో పెట్టారు.

"సార్, అది మిషన్లో ఉండాలి కదా!"

"మిషన్లో ఉంటే ఎవరికి కనిపిస్తుంది?" అన్నాడు సూపరింటెండెంటు. కాదనడానికి లేదు.

"మరి పెరిగేదెలా సార్?"

"బటన్ నొక్కితే పెరుగుతుంది. ప్రకటనలో అదేగా ఉంది!"

ఇక వీళ్లతో పెట్టుకుంటే పని కాదనుకుంది డిస్కమ్మ. మధ్యాహ్నం వేదిక కట్టేవాళ్లు భోజనానికి వెళ్లిన అరగంటలో గాజుపెట్టె తెరిచింది. కొత్తది తీసి, సొరుగులో పడున్న చచ్చిన డిస్కు ఒకటి అందులో పెట్టి, రిబ్బను మళ్లీ ముడేసింది. కొత్తదాన్ని మిషన్లో దోపి రెండు లైన్లు టైపు చేసింది. గోడ జరిగింది, చాప పరుచుకుంది. కింద మందుల కౌంటరు దగ్గర క్యూ నడుస్తూనే ఉంది, ఒక్కరూ తలెత్తలేదు. తొంభై ఏడు కాస్తా నలభై అయింది. ఆవిడకి ఎంత సంతోషం కలిగిందో చెప్పుకోవడానికి పక్కన మనిషి లేడు. గ్లాసుడు మంచినీళ్లు తాగి కూచుంది.

మర్నాడు సభ దివ్యంగా జరిగింది. పళ్లెమంత బటన్ పెట్టారు. దాని వైరు వేదిక కిందనుంచి వెళ్లి ఒక ఆకుపచ్చ బల్బులో ముగిసింది. మంత్రిగారు నొక్కారు. బల్బు వెలిగింది.

"పెరిగిందా?" అని అడిగారు మంత్రిగారు.

"పెరిగింది సార్," అంది డిస్కమ్మ. అబద్ధమేం కాదు.

మంత్రిగారు తన బొటనవేలి వంక గౌరవంగా చూసుకున్నారు. ఫొటోగ్రాఫర్లు ఆ వేలిని విడిగా కూడా తీశారు.

ఆ ఫొటోలే కొంప ముంచాయి. తెల్లారి పేపర్లో గాజుపెట్టె పక్కన నవ్వుతున్న మంత్రిగారూ, సరిగ్గా ఆయన గడ్డం కింద, చచ్చిన డిస్కు మీది చీటీ: "పనికిరాదు. పారెయ్యాలి." ప్రతిపక్ష నాయకుడు ఆ ఫొటో పైకెత్తి, "ఇది రాసింది డిస్కు గురించేనా?" అని అసెంబ్లీలో అడిగాడు. పది గంటలకల్లా మంత్రిగారి పీఏ, సూపరింటెండెంటునీ ఒక ఫొటోగ్రాఫర్నీ వెంటబెట్టుకుని ఆసుపత్రి కంప్యూటరు గదిలో దిగాడు.

"అసలు డిస్కు ఏదీ?"

"పనిలో ఉంది సార్," అంది డిస్కమ్మ.

"ఎవర్నడిగి పనిలో పెట్టావు?"

పద్దెనిమిదేళ్లలో ఆ ప్రశ్న వేసినవాళ్లు లేరు.

"మంత్రిగారు నాలుగింటికి విలేకరులకి అసలుది చూపిస్తారు. తీసి పెట్టెలో పెట్టు."

"తీస్తాను సార్. కానీ రెండు గంటలు మొత్తం ఆపాలి. జనాన్ని లేపి, చాప మడిచి..."

"ఆపడం కుదరదు! మంత్రిగారు మాటిచ్చారు. పెట్టినప్పుడు ఆగలేదుగా? తీసినప్పుడు ఎందుకు ఆగుతుంది?"

"మీ కాళ్లు పట్టుకుంటాను సార్! పైన నా చెల్లెలుంది!"

"ఇంటి విషయాలు ఆఫీసులోకి తేకమ్మా," అని మందలించి, సూపరింటెండెంటు చొక్కా చేతులు మడిచాడు. ఫొటోగ్రాఫరు సిద్ధం అనగానే కెమెరా వైపు నవ్వుతూ డిస్కుని ఒక్క లాగు లాగాడు.

ఆసుపత్రిలో తెరలన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. మందుల కౌంటరు బోర్డు మీద అరవై నాలుగో నంబరు అలాగే నిలిచిపోయింది.

డిస్కమ్మ నాలుగు అంతస్తులూ మెట్ల మీద పరుగెత్తింది. పన్నెండో మంచం దగ్గర, ఆ పూటే డ్యూటీలో చేరిన డాక్టరు సిరంజిలో మందు ఎక్కించుకుని ఉన్నాడు. "కంప్యూటర్లో ఏమీ రావట్లేదు. మామూలు ఇంజెక్షనేగా, ఇచ్చేద్దాం," అంటున్నాడు.

"ఒక్క నిమిషం డాక్టరుగారూ," అని పెద్ద నర్సు నోటుబుక్కు తిప్పింది. ఎర్ర ఇంకు కనబడింది. సిరంజి ట్రేలోకి తిరిగి వెళ్లింది.

"ఏంటక్కా అలా రొప్పుతున్నావు? లిఫ్టుని కూడా పెంచుతున్నారా?" అంది చెల్లెలు.

డిస్కమ్మ మంచం చివర కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

నాలుగింటికి మంత్రిగారు అసలు డిస్కుని విలేకరులకి చూపించారు. నిగనిగలాడుతోంది. "మరి కింద కౌంటర్లన్నీ ఎందుకు ఆగిపోయాయండీ?" అని ఒకడు అడిగాడు. పీఏ చటుక్కున వార్డులోంచి ఒక నోటుబుక్కు తెప్పించి, మంత్రిగారి చెవిలో ఏదో ఊదాడు.

"ఆగిపోవడమా! ఇదిగో మా కొత్త విధానం," అన్నారు మంత్రిగారు నోటుబుక్కు ఎత్తి పట్టి. "దీనికి కరెంటు అక్కర్లేదు. ఇది ఎన్నటికీ ఆగదు. నిండితే పక్కనే ఇంకోటి. మూడేళ్లు మేధోమథనం చేసి సాధించాం. అన్ని ఆసుపత్రుల్లోనూ ఈ క్షణంనుంచే అమలు!"

చప్పట్లు మోగాయి. కొత్త విధానంలో మార్జిన్లు గీయడానికి ఒక మనిషి కావాలి కనక, డిస్కమ్మకి అక్కడికక్కడే స్కేలూ పెన్సిలూ పంపించారు. బటన్ మళ్లీ తెచ్చి నోటుబుక్కు పక్కన పెట్టారు. మంత్రిగారు నొక్కారు. ఆకుపచ్చ బల్బు వెలిగింది.

"పెరిగిందా?"

సూపరింటెండెంటు వంగి నోటుబుక్కు వైపు శ్రద్ధగా చూశాడు.

"పెరిగింది సార్."