గుండిగలో గుండె

ఆ శనివారం పొద్దున సుబ్బరత్నం అనుకున్నది చాలా చిన్నది. పన్నెండింటికల్లా పప్పుచారు గుండిగ దించాలి, ఒంటిగంటకు వడ్డన మొదలు కావాలి, నాలుగింటికి ఇంటికి పోయి స్నానం చేసి వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టుకోవాలి. పటమటలో కర్రీ పాయింటు నడుపుకునే మనిషికి, సొంతంగా రెండొందల మంది నిశ్చితార్థం వంట దొరకడం అదే మొదలు. ఇది బాగా జరిగితే మాఘమాసంలో మైలవరంలో జరిగే పెళ్ళి వంట కూడా ఆమెదేనని పెళ్ళికూతురి తల్లి రామతులసి మాటిచ్చింది. అయితే ఒక మెలిక పెట్టింది. పెళ్ళికొడుకు తండ్రి రత్తయ్యగారు తిండి దగ్గర మహా తిరకాసు మనిషట. పెద్దకొడుకు పెళ్ళిలో రెండు ముద్దలు తిని లేచిపోయాడట. ఆయన విస్తరి ఖాళీ అయితేనే మాట ఖాయం.

శనివారం సుబ్బరత్నానికి ఉపవాసం. పొద్దు వాలేదాకా నాలుక మీద ఏదీ వేసుకోదు, గరిట తుంపరైనా చప్పరించదు. అలాంటి రోజుల్లో రుచి చూసే పని అమలమ్మది. ఇద్దరూ పదిహేనేళ్ళు పెద్ద వంటమేస్త్రీల కింద, సన్నాయి మేళాల పక్కన వండినవాళ్ళు. ఆ హోరులో నోటితో పనుండేది కాదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపిస్తే ఉప్పు కావాలని. చెంపకు చెయ్యి ఆనిస్తే కారం మండుతోంది, కాస్త బెల్లం వెయ్యమని. రెండు చేతులూ తల మీదుగా గుండ్రంగా ఎత్తితే ఇక చాలు, మూత పెట్టమని. ఆ అమలమ్మ కాస్తా ముందురోజే కూతురి పురిటికి వెళ్ళిపోయింది.

ఇక పెళ్ళికూతురు సాయిశ్రీ సంగతి. చిన్నప్పటి నుంచీ నలుగురిలో నోరు విప్పని పిల్ల. కాలేజీలో కొరియా సీరియళ్ళ పుణ్యమా అని తనలాంటి వాళ్ళు ఎనిమిదిమంది దొరికారు. తెర కింద పడే అక్షరాలు చదువుకుంటూ ఆ సీరియళ్ళు చూడటం, ఆ పాటలకు ఎగరడం, ఆ భాషలో అక్కను పిలిచినట్టు ఒకర్నొకరు 'ఉన్నీ' అని పిలుచుకోవడం. ఈ విజయవాడ ఎండల్లో ఉన్నేమిటో రామతులసికి అర్థమయ్యేది కాదు. అయినా గదిలోంచి కూతురి నవ్వు వినిపించిన రోజున ఆమె అడగడం మానేసింది.

పదకొండున్నరకు బెంజ్ సర్కిల్ దగ్గర, నిశ్చితార్థం జరిగే ఫంక్షన్ హాల్లో డీజే మొదలైంది. వంటగది గోడలు అదిరాయి. పెళ్ళికూతురి స్నేహితురాళ్ళు అటుగా వస్తే, సుబ్బరత్నం కిటికీలోంచి నాలుగు గ్లాసులు పప్పుచారు అందించి, ఎలా ఉందని చేత్తో అడిగింది. వాళ్ళలో భానుశ్రీ అనే పిల్ల ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, ఆనందం పట్టలేక రెండు వేళ్ళూ కలిపి చూపించింది. కొరియా పాటగాళ్ళు స్టేజీ మీంచి అభిమానులకు అలాగే చూపిస్తారు. అది గుండె బొమ్మ. మీరంటే ప్రేమ అని అర్థం.

సుబ్బరత్నానికి మాత్రం ఉప్పు చాలలేదని అర్థమైంది. గిన్నెకైతే చిటికెడు, గుండిగకు గుప్పెడు. వేసి, కలిపి, మళ్ళీ కిటికీ వైపు చూసింది. పెద్దావిడ తమనే చూస్తోందని మురిసిపోయి పిల్లలు ఈసారి రెండు చేతులతోనూ చూపించారు. రెండు గుప్పెళ్ళు పడ్డాయి. పాపం ఎంత సాయం చేస్తున్నారో అని ఆమె నవ్వింది. ఆ నవ్వుకు వాళ్ళు మిగతావాళ్ళనూ పిలుచుకొచ్చి, సెల్లులో వీడియో పెట్టి, ఎనిమిదిమందీ వరసగా నిలబడి ఒక్కసారే వేళ్ళు కలిపారు. ఇన్ని నోళ్ళకు చప్పగా ఉందంటే తప్పు తనదేననుకుని సుబ్బరత్నం ఉప్పు డబ్బా వంచేసింది. తరవాత ఒక పిల్ల అరచెయ్యి వంచి చెంపకు ఆనించింది. అది సగం గుండె. గుండిగలో అచ్చు బెల్లం పడింది. ఆఖరికి అందరూ చేతులు తల మీదుగా గుండ్రంగా ఎత్తారు. అది నిండు గుండె. హమ్మయ్య అనుకుని ఆమె మూత పెట్టింది.

మొదటి బంతిలోనే నీళ్ళ సీసాలు అయిపోయాయి. పెళ్ళికూతురి మేనమామ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పక్కాయనతో చెప్పబోతే, పక్కాయన అప్పటికే చేతులు కడిగే చోట పుక్కిలిస్తున్నాడు. రామతులసి వంటగదిలోకి వచ్చింది. గొంతు పెంచలేదు. అందుకే సుబ్బరత్నానికి ఎక్కువ భయమేసింది.

"ఇదేం చారండీ సుబ్బరత్నంగారూ. బందరు సముద్రం ఇక్కడిదాకా వచ్చిందా?"

"మీ పిల్లలే అడిగారమ్మా. ఒకరా ఇద్దరా, ఎనిమిదిమంది వరసలో నిలబడి అడిగారు."

పిల్లల్ని పిలిపించారు. వెనకే సాయిశ్రీ కూడా వచ్చింది. ఇదిగో, ఇట్లా అడిగారని సుబ్బరత్నం వేళ్ళు కలిపి చూపించేసరికి భానుశ్రీ ముఖం పాలిపోయింది.

"అది ఉప్పు కాదు మామ్మగారూ. గుండె. మీరంటే మాకిష్టమని."

"గుండె ఇక్కడ గదమ్మా ఉండేది," అంటూ సుబ్బరత్నం తన రొమ్ము మీద చెయ్యేసుకుంది. "వేళ్ళ చివరికి ఎప్పుడొచ్చింది?"

"కొరియా వాళ్ళకి అక్కడేనండీ."

"మరి ఉప్పు కావాలంటే వాళ్ళెట్లా అడుగుతారు?"

సుబ్బరత్నం వాళ్ళను తిట్టలేదు. పీట మీద కూలబడి, ఇష్టమని చెప్పినవాళ్ళను ఏమంటాం, మైలవరం నాకు రాసిపెట్టి లేదంతే అని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ మాట విన్న సాయిశ్రీ పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నేరుగా హాల్లోకి నడిచి, రత్తయ్యగారి ముందు నిలబడింది. నలుగురిలో ఆ పిల్ల గొంతు వినపడటం అదే మొదలు.

"తప్పు మా ఫ్రెండ్స్‌ది మామయ్యగారూ. వంటావిణ్ణి ఏమీ అనకండి. మీకు వేరే చారు పెట్టిస్తాను."

రత్తయ్య తలెత్తలేదు.

"ఉండమ్మా. ముందు ఆ బకెట్టు ఇటు రమ్మను."

అది మూడోసారి అడగడం. విస్తట్లో మెతుకు లేదు. ఆయన భార్య మాణిక్యమ్మ, ఆయనకు బీపీ అని చెప్పి నాలుగేళ్ళుగా ఇంట్లో ఉప్పు డబ్బా దాచేసిందనీ, పెద్దకొడుకు పెళ్ళిలో కూడా వంటవాళ్ళతో ముందే మాట్లాడి ఆయనకు చప్పిడి కూడే వడ్డింపించిందనీ అప్పుడు బయటపడింది. ఈ పూట ఆమె దూరంగా ఆడవాళ్ళ బంతిలో కూర్చుంది.

"పెళ్ళికి కూడా ఈవిడే వండాలి," అన్నాడు రత్తయ్య. "లేకపోతే నేను రాను."

మాణిక్యమ్మ చెయ్యి కడుక్కుని వచ్చేసరికే మాట ఖాయమైపోయింది. ఆమె సుబ్బరత్నాన్ని పక్కకు పిలిచి, పెళ్ళినాడు ఆయనకు మటుకు విడిగా ఒక గిన్నెడు ఉప్పులేని చారు కాస్తానని చేతిలో చెయ్యేయించుకుంది.

సుబ్బరత్నం ఆడిన మాట తప్పే మనిషి కాదు. ఆ ఉప్పులేని చారు గిన్నె మాఘమాసంలో మైలవరం వెళ్ళి, మూత తీయకుండానే పటమట తిరిగొచ్చింది.