పక్షులకు బాగా తెలిసిన మనిషి

కొల్లేరులో పక్షులను ప్రేమించే పనికి అటవీశాఖవారు నాగేశ్వరరావును నియమించారు. పక్షుల విషయంలో అతనికున్న అనుభవం వాటిని తరమడం.

చాలా ఏళ్ళు అతను, సరస్సులోనే గట్లు వేసి కట్టిన అచ్యుతరావుగారి చేపల చెరువు గట్టున కాపలా కాశాడు. దేశం కంప్యూటర్లతో దూసుకుపోతోందని రేడియో చెబుతుంటే, అతను ఖాళీ నూనెడబ్బా వాయిస్తూ, వడిసెల తిప్పుతూ గూడబాతుల వెంట పరుగెత్తేవాడు. గూడబాతు చేప మింగడం దేశద్రోహంతో సమానమని అచ్యుతరావుగారు ఏలూరులో కూర్చుని ఫోనులో సెలవిచ్చేవారు.

2006లో చరిత్ర పొక్లెయిన్లెక్కి కొల్లేరుకు వచ్చింది. సరస్సు సరస్సులాగే ఉండాలని గట్లు కొట్టేశారు. చెరువు పోయింది, దాంతో కాపలా పోయింది. అచ్యుతరావుగారికి మాత్రం వారం తిరక్కుండానే హృదయం మారింది; పక్షి సంరక్షణ సంఘానికి అధ్యక్షులయ్యారు. పక్షుల సంగతి తెలిసినవాడు కావాలని అటవీశాఖవారు అడిగితే నాగేశ్వరరావును పంపింది ఆయనే. ప్రస్తుతానికి దినకూలీ. మంత్రిగారు వచ్చి మెచ్చుకుంటే పర్మనెంటు.

చిక్కల్లా పక్షులతోనే వచ్చింది. గట్ల సంగతి అందరూ మరిచిపోయినా, అవి నాగేశ్వరరావును మరవలేదు. అల్లంత దూరాన అతను కనబడితే చాలు, సరస్సు ఖాళీ. మీసం తీసేశాడు. నడక మార్చాడు. లాభం లేకపోయింది. చివరికి భార్య చీర కట్టుకుని వెళ్తానన్నాడు.

"పసుపుది ముట్టుకోకు మావా, పెళ్ళిళ్ళకి నాకున్నదదొక్కటే. గళ్ళది కట్టుకో," అంది సత్తెమ్మ.

గళ్ళచీరను చూసి ఒక్క పక్షి కూడా కదల్లేదు. ఆ విధంగా రెండేళ్ళు అతను చీరలో ప్రభుత్వసేవ చేశాడు. పక్షులు వృద్ధి చెందాయి. ఘనత సంఘానికి దక్కింది.

మంత్రిగారు వచ్చేరోజు అతనికి కొత్త ఖాకీ బట్టలిచ్చారు. చీరలో రావచ్చాండీ అని రేంజరుగారిని వినయంగా అడిగాడు. ప్రభుత్వానికంటూ ఒక మర్యాద ఉంటుందని ఆయన మందలించారు.

నాగేశ్వరరావు ఖాకీలో వేదికెక్కాడు. మంత్రిగారు శాలువా మడత విప్పేలోగా సరస్సంతా లేచి ఆకాశానికెగిరింది. కొన్ని పక్షులు పోతూపోతూ వేదిక మీద తమ అభిప్రాయం కూడా వదిలి వెళ్ళాయి.

అచ్యుతరావుగారు భుజం తుడుచుకుని మైకు అందుకున్నారు. "సోదరులారా, మూగజీవాలు అబద్ధమాడవు. ఈ మనిషిని చూసి ఎలా పారిపోయాయో కళ్ళారా చూశారు. నేనూ ఇందాకట్నుంచీ ఇక్కడే కూర్చున్నాను. నన్ను చూసి ఒక్క పిట్టయినా బెదిరిందా?"

బెదరలేదు. చప్పట్లు మోగాయి.

"తమరెప్పుడూ గట్టు మీదకి రాలేదు కదండీ, అవెలా గుర్తుపడతాయండీ," అన్నాడు నాగేశ్వరరావు. అతని ముందు మైకు లేదు.

ఉద్యోగం ఆ పూటే పోయింది. కొత్త ప్రకటనలో ఒకటే అర్హత పెట్టారు: అభ్యర్థికి పక్షులతో పూర్వపరిచయం ఉండరాదు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా దరఖాస్తులు గుట్టలుగా వచ్చిపడ్డాయి. రావూ మరి? డబ్బా వాయించినవాడు ఒక్కడే. చేప తిన్నవాళ్ళం మనమందరం. మనల్ని ఏ పక్షీ ఏనాడూ చూడలేదు.