సైనిక చట్టం పక్కన పెన్సిల్ రాతలు

లైబ్రరీ పుస్తకాల్లో పెన్సిల్‌తో గీకేవాళ్లకు పతకాలివ్వాలి! నవ్వకండి. వాళ్లే లేకపోతే ఈ లోకంలో చట్టం ఎవరికి అర్థమవుతుంది? రాసినవాడికా?

ఆస్ట్రేలియాలోని మా టౌన్స్‌విల్ సైనిక శిబిరంలో క్లెమ్ యాబ్స్‌లీ అని ఒక సిపాయి ఉన్నాడు. శనివారం అతని పెళ్లి. ఆ వారంలోనే మా రెజిమెంటు చిహ్నంగా పెంచుకునే పొట్టేలు బేసిల్ అతని పెళ్లి టోపీని నమిలేసింది. క్లెమ్ దాని వీపు మీద ఒక్కటిచ్చాడు. అదే కొంప ముంచింది. బేసిల్‌ది కార్పోరల్ హోదా మరి, పెరేడ్‌లో అందరికంటే ముందు నడుస్తుంది. పై అధికారి మీద చెయ్యి చేసుకున్నాడని కేసు పెట్టారు. రుజువైతే పద్నాలుగు రోజులు గేటు దాటకూడదు. ఇక పెళ్లెక్కడిది?

క్లెమ్ తరఫున వాదించాల్సిన లెఫ్టినెంట్ మార్నీ పాస్కో పాత సైనిక చట్టం పుస్తకం తిరగేసింది. పై అధికారి అంటే ఎవరో చెప్పే వాక్యం ఒకటిన్నర పేజీ. చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాం. దాని పక్కనే ఎవరో పాత పాఠకుడి చేతిరాత: "నోరు తెరిచి ఆజ్ఞ ఇవ్వలేనివాడు పై అధికారి కాడు. ఈ లెక్కన మా కెప్టెనూ కాడు."

ఇంకో చోట, "తర్వాతి నలభై పేజీలు దండగ, నేను చదివి చెడ్డాను" అని ఉంది. ఎంత పరోపకారి!

"బతికిపోయావయ్యా. వెళ్లి కోటు ఇస్త్రీ చేయించుకో" అంది మార్నీ.

"మరి టోపీ, మేడమ్?"

"కార్పోరల్ గారి కడుపులో ఉంది. నువ్వే అడిగి తెచ్చుకో."

కేసు విచారించే మేజర్ ముందుకు వెళ్లే పుస్తకం కదా అని, లైబ్రరీ సార్జెంట్ భక్తిగా రబ్బరు పట్టుకుని ఆ రాతలన్నీ తుడిచిపెట్టాడు.

"ఏదీ, ఎక్కడుందో చూపించు" అన్నాడు మేజర్ హాడ్రిక్.

"నిన్న ఇక్కడే ఉంది సర్" అంది మార్నీ, ఖాళీ అంచు చూపిస్తూ.

"నిన్నటి చట్టం నాకెందుకమ్మా?"

"పోనీ, అచ్చులో ఉన్నదైనా చదవండి సర్."

మేజర్ ఆరో పంక్తిదాకా చదివి, కళ్లద్దాలు తీసి పుస్తకం మూసేశాడు. పద్నాలుగు రోజులు ఖాయమయ్యాయి.

శనివారం పెళ్లికూతురు లియోనీ ఫోన్ చేసింది. పెళ్లి ఆగిందని ఏడ్చింది, తర్వాత అడిగింది.

"ఆ పొట్టేలుకేం చేశారు?"

"సెలవిచ్చారు" అన్నాడు క్లెమ్.

ఏమాటకామాటే చెప్పాలి, పుస్తకం ఇప్పుడు అద్దంలా ఉంది. మా రెజిమెంటు మొత్తంలో ఆ చట్టాన్ని చివరిదాకా చదివినవాడు ఒక్కడే. వాడినే చెరిపేశాం.