కిటికీ లేని అంతరిక్ష యాత్ర

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు: నాయనమ్మ ఎడువిహెస్, బాబాయి ప్రొకోపియో, ఊరి కాలువ నీళ్ల వంతులు చూసే పెద్ద సిప్రియానో, రాష్ట్ర లాటరీ కమిషనర్ డెల్మార్ ట్రుహీయో గారు, ఆయన ఫొటోగ్రాఫర్ కెల్సీ, నేను, ఒక మేక. మేకను కమిషనర్ గారే లోపలికి రానిచ్చారు. ఫొటోలో పల్లె వాతావరణం ఉట్టిపడాలట.

ఆయన మా వంటింటి మధ్యలో నిలబడి, టోపీ తీసి గుండెకు ఆనించుకుని ప్రకటించారు.

“ప్రియమైన ప్రజలారా! నిన్నటిదాకా అంతరిక్షం కోటీశ్వరుల సొత్తు. నేటి నుంచి మన రాష్ట్రంలో నివసించే ప్రతి ఒక్కరి సొత్తు! ఆ ప్రతి ఒక్కరూ ఈమే!”

వంటింట్లో ఉన్న ప్రజలందరం చప్పట్లు కొట్టాం. మేక తటస్థంగా ఉండిపోయింది.

మా ఎడారిలో ప్రైవేటు కంపెనీ రాకెట్లు ఎగరడం మొదలైనప్పటి నుంచి ప్రభుత్వం మా గురించే ఆలోచిస్తోంది. రాకెట్ల దాకా నున్నటి రోడ్డు వేసింది. మా బడి బస్సు ఆ రోడ్డు మీద వెళ్లకూడదు గానీ, దూరం నుంచి చూడొచ్చు. ఆ తర్వాత ఈ లాటరీ పెట్టింది. పెట్రోలు బంకులో చూయింగ్ గమ్ పక్కన టికెట్లు అమ్మారు. గెలిచినవాళ్లకు రాకెట్‌లో ఒక సీటు. జన్మలో లాటరీ టికెట్ ముట్టని నాయనమ్మ ఒకే ఒక్కటి కొంది. అదే తగిలింది.

“డెల్మార్, నువ్వు టియోఫిలా కొడుకువే కదూ? చిన్నప్పుడు మా చెట్టు మీద పచ్చి ఆప్రికాట్లు దొంగిలించి తిని, కడుపు పాడై ఇంటిదాకా కూడా ఆగలేకపోయావు” అంది నాయనమ్మ.

“ఆ అనుభవమే నన్ను ప్రజాసేవకు నడిపించింది పెద్దమ్మా” అన్నారు కమిషనర్ గారు. నిజంగా పెద్ద మనసు.

నాయనమ్మకు లాటరీ వాళ్ల నీలం జాకెట్ ఇచ్చి తొడుక్కురమ్మన్నారు. వాళ్ల కారులోంచి సామాను దింపడానికి బాబాయి వెళ్లాడు. ఈలోగా కమిషనర్ గారు మా సోంపు బిస్కెట్లు తింటూ కెల్సీతో మాట్లాడారు. నేను అక్కడే ఉన్నాను గానీ, నేను ఉన్నట్టు సాధారణంగా ఎవరికీ తెలియదు.

“అంతరిక్షమంటే నాకు ప్రాణం కెల్సీ. కొండ మీద కొత్తిల్లు కట్టానా, ఈత కొలను కూడా రాకెట్ ఆకారంలోనే తవ్వించాను. ముందు కోసుగా ముక్కు, వెనక మూడు రెక్కలు. ఒక రెక్కలో బాతులు.”

“వావ్ సార్” అంది కెల్సీ. సిప్రియానో ఎందుకో పొలమారి దగ్గాడు.

బాబాయి చుట్టచుట్టిన పెద్ద పోస్టర్ మోసుకొచ్చాడు. కిందటి ప్రయోగంలో పైనుంచి తీసిన మా లోయ ఫొటో. ‘మీ ఊరు, మీ ఆకాశం!’ అని రాసుంది. గోడకు తగిలిస్తే కింది మూల మాటిమాటికీ చుట్టుకుపోయింది.

“ఇదిగో పాపా, నీ పేరు... సరే, ఏదైతేనేం. ఆ మూల పట్టుకుని కూర్చో. ఫొటోలో పడకు” అన్నారు కమిషనర్ గారు.

నేను గోడవారన చతికిలబడి మూల పట్టుకున్నాను. నాయనమ్మను పోస్టర్‌కు వీపు పెట్టి కుర్చీలో కూర్చోబెట్టారు.

“అటూ ఇటూ తిరక్కండి పెద్దమ్మా, కెమెరానే చూడండి. పైనుంచి భూమిని చూస్తే మనుషులంతా ఒక్కటే అనిపిస్తుందని చెప్పండి.”

“అనిపిస్తే చెప్తాలే. నేను వెళ్లేది కాలువ చూడ్డానికి.”

“ఏ కాలువ?”

“మా కాలువే. మా వంతు రోజున అందులో నీళ్లు తప్ప అన్నీ వస్తున్నాయి. మొన్న ఒక చెప్పు వచ్చింది. మిరప తోట ఎండిపోతోంది నాయనా. ఈ వేసవికి నీళ్లందకపోతే విత్తనం కూడా దక్కదు. మా అత్తగారు నా చేతిలో పెట్టిన విత్తనం అది. పైకెళ్లి చూద్దామంటే కొండ మీద ఇనుప గేటు పెట్టారు. ఆకాశానికి గేటు ఉండదు కదా అని టికెట్ కొన్నాను.”

“కాలువ తిన్నగానే ఉందని చెప్పాను కదా వదినా!” అన్నాడు సిప్రియానో.

“తిన్నగా ఉంటే నేను చూస్తే నీకేం పోయింది మరిదీ?”

కమిషనర్ గారు, సిప్రియానో ఫ్రిజ్ పక్కకు వెళ్లి ఉన్నత స్థాయి సమీక్ష జరిపారు. తిరిగొచ్చి కమిషనర్ గారు చిరునవ్వు నవ్వారు.

“శుభవార్త పెద్దమ్మా! మీది మధ్య సీటు. కిటికీ ఉండదు. ఎండ తగలదు.”

“కిటికీ పక్కన ఎవరు?”

“నేనే. ప్రజల తరఫున చూడాలి కదా.”

“పోనీలే, నీ భుజం మీంచి తొంగి చూస్తాను.”

మళ్లీ ఫ్రిజ్ దగ్గర సమీక్ష.

“భద్రతా కారణాల వల్ల తొంగి చూడ్డం నిషేధం పెద్దమ్మా.”

“అయితే పైలట్‌నే అడుగుతాను. వాడికి కళ్లుంటాయి కదా.”

ఈసారి సమీక్ష చాలాసేపు సాగింది. ఫ్రిజ్ తలుపు కూడా తెరిచి, అందులోని చల్లటి లెమనేడ్‌ను సంప్రదించారు. చివరికి కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు.

“చిన్న చిక్కు వచ్చింది. ఈ బహుమతి రాష్ట్రంలో ఉండేవాళ్లకే. రాకెట్ ఎగిరాక మీరు రాష్ట్రంలో ఉండరు. అంటే ఎగిరిన క్షణమే మీ అర్హత పోతుంది. గాలిలో దించేయడం మర్యాద కాదు. అందుకని ఇక్కడే దించేస్తున్నాం.”

ఇంత లోతుగా ఆలోచించే ప్రభుత్వం ఇంకెక్కడైనా ఉంటుందా?

“మరి ఆ సీట్లో ఎవరెళ్తారు సార్?” అన్నాడు బాబాయి.

“డ్యూటీలో ఉన్న అధికారి ఎక్కడున్నా రాష్ట్రంలో ఉన్నట్టే లెక్క. కాబట్టి ఆ సీటు భారం కూడా నేనే మోస్తాను. పెద్దమ్మా, మీరు ఫొటో దిగండి చాలు. జాకెట్ మీరే ఉంచుకోండి. నేను వెళ్లొచ్చి కాలువ సంగతి చెప్తాను.”

నాయనమ్మ జాకెట్ జిప్ మెల్లగా కిందికి లాగింది.

“అప్పటికి తోట ఉండదు డెల్మార్” అంది. అంతే.

నేను తల దించుకున్నాను. నా బొటనవేలి పక్కనే మా ఊరు ఉంది, కాల్చిన మిరపకాయ తొక్కలా గోధుమరంగులో. దాని పైన సన్నటి గీతలా కాలువ. అది కొండ నుంచి మా ఊరి వైపే దిగుతూ, దారిలో ఒక్కసారిగా పక్కకు తిరిగింది. తిరిగిన చోట కొంచెం పచ్చదనం. పచ్చదనం మధ్యలో ఒక చిట్టి నీలం బొమ్మ. ముందు కోసుగా ముక్కు, వెనక మూడు రెక్కలు.

కొత్తవాళ్ల ముందు నాకు మాట పెగలదు. అయినా ఎలాగో వచ్చింది.

“నాయనమ్మా, వెనక్కి తిరిగి చూడు.”

“ఏంటమ్మా?” అంటూ నాయనమ్మ కళ్లద్దాల కోసం తడుముకుంది.

కమిషనర్ గారు నా వేలి వైపు చూశారు. తర్వాత ఎంతో ఆప్యాయంగా నా భుజం పట్టుకుని లేవదీశారు. నేను మూల వదల్లేదు. పోస్టర్ చర్రున చిరిగింది, మిగతాదంతా గిర్రున చుట్టుకుని పైకి పోయింది.

“ఇది బహిరంగ కార్యక్రమం పాపా. బయటివాళ్లు ఉండకూడదు” అన్నారాయన.

మేకను మాత్రం ఉండనిచ్చారు. అంత పెద్ద హోదాలో ఉన్న మనిషి, ఎవరికీ పురమాయించకుండా తనే స్వయంగా గుమ్మం దాకా నడిచొచ్చి, చేతిలో ఆ నీలం బొమ్మ ఉన్న చిరిగిన మూలతో సహా నన్ను బయట నిలబెట్టి తలుపు వేశారు.