నికెల్ ఆకారంపై అభ్యంతరం

నికెల్ అనే లోహం తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఏ ఆకారంలో బంధాలు కట్టుకోవాలో నిర్ణయించే అధికారం ప్రకృతికి లేదు. అది ప్రతిభా ప్రవేశ పరీక్షల మండలికి చెందిన విషయం. వడమాలపేటలోని ఒక జూనియర్ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్న ప్రసన్నకుమారికి ఈ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆమె ఏటా క్లాసులో చెప్పేది ఇది. నికెల్ అయాన్ చుట్టూ నాలుగు సయనైడ్లు చేరితే, క్యారమ్ బోర్డు నాలుగు మూలల్లాగా ఒకే తలంలో సర్దుకుంటాయి. సయనైడ్ గట్టి పిండం. లోహంలో విడివిడిగా ఉన్న రెండు ఎలక్ట్రాన్లను జంట కట్టించి, ఒక d ఆర్బిటాల్‌ను ఖాళీ చేయిస్తుంది. అందువల్ల సంకరీకరణం, అంటే హైబ్రిడైజేషన్, dsp². అదే క్లోరైడ్లు వస్తే ఎవరినీ కదిలించలేవు. దొరికిన చోట సర్దుకుంటాయి, సంకరీకరణం sp³ అవుతుంది, ఆకారం చతుర్ముఖీయం.

మండలి సొంతంగా అచ్చువేసిన పుస్తకంలోని పట్టికలో ఈ రెండు వరుసలూ తారుమారయ్యాయి. పరీక్షలో నలభై ఆరో ప్రశ్న సరిగ్గా అక్కడి నుంచే వచ్చింది. అధికారిక కీ కూడా అక్కడి నుంచే వచ్చింది. సయనైడ్‌కు sp³ అని పెట్టినవాళ్లందరికీ మార్కు పడింది.

పడనివాళ్లలో మహిత ఒకతి. నగరిలో మరమగ్గం నడిపే మునిప్రసాద్ కూతురు. ఉచిత రెసిడెన్షియల్ సీట్లు నూట ముప్పై రెండు మార్కుల దగ్గర ఆగిపోయాయి. మహితకు నూట ముప్పై ఒకటి.

"మండలి పుస్తకంలో sp³ అని ఉండాది మేడమ్. చూసినాను. అయినా మీరు చెప్పిందే పెట్టినా," అంది ఆ పిల్ల. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ప్రసన్నకుమారికి ఆ రోజు అన్నం సయించకపోవడానికి అదే కారణం.

ఆమె మండలి పోర్టల్ తెరిచింది. అభ్యంతరానికి కారణం ఎంచుకోమని మూడు గడులు కనిపించాయి: ముద్రణ దోషం, అనువాద దోషం, ఒకటికి మించి సరైన జవాబులు. (కీ తప్పయ్యే అవకాశం లేనందున దానికి గడి కేటాయించలేదు.) ఉన్నవాటిలో దగ్గరిదని ముద్రణ దోషం నొక్కింది. నాలుగు రోజుల తర్వాత తిరస్కరణ వచ్చింది. "పరిశీలించాము. జవాబు స్పష్టంగానే ముద్రితమైనది."

ఒక పూట సెలవు పెట్టి, బస్సెక్కి తిరుపతిలోని మండలి కార్యాలయానికి వెళ్లింది. అభ్యంతరాల విభాగం సూపరింటెండెంట్ చక్రధర్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, ఫ్యాను వేయించాడు, ఆమె తెచ్చిన నాలుగు పుస్తకాలనూ ఓపికగా తిరగేశాడు.

"నాలుగింట్లోనూ dsp² అనే ఉండాది మేడమ్. కాదనను. కానీ ఇవి బయటి పుస్తకాలు. ఆధారం మండలి పుస్తకంలో నుంచే సూపించల్ల."

"తప్పు ఉండేదే ఆ పుస్తకంలో కదండీ!"

"అందుకే దాంట్లోనే యాడన్నా రైటుండాదేమో ఎతకండి," అన్నాడు చక్రధర్. ఎగతాళి చేయలేదు. నిజంగానే సాయం చేద్దామనుకున్నాడు.

ఆయన సాయం వల్లే విషయ నిపుణుడి ముందు విచారణ ఏర్పాటైంది. నిపుణుడి పేరు భానుచందర్. మండలి పుస్తకం రాసిందీ, ఆ ప్రశ్న ఇచ్చిందీ, కీ తయారుచేసిందీ ఆయనే. (నిష్పాక్షికత కోసం, విచారణ రోజున ఆయన తన గదిలో కాకుండా పక్క గదిలో కూర్చున్నాడు.)

ప్రసన్నకుమారి బోర్డు మీద ఎలక్ట్రాన్లన్నీ గీసి చూపించింది. "ఒంటరి ఎలక్ట్రాన్లు లేవు కాబట్టి ఈ సంక్లిష్టాన్ని అయస్కాంతం ఆకర్షించదు సార్. అది ప్రయోగంలో తేలిన విషయం."

"ప్రయోగం అంటున్నారు గదా, నమూనా తెచ్చి సూపించండి," అన్నాడు భానుచందర్. చక్రధర్ ఆ మాటను వెంటనే మినిట్స్‌లోకి ఎక్కించాడు.

నమూనాలో సయనైడ్ ఉంటుంది. సయనైడ్ కొనాలంటే అనుమతి కావాలి. అనుమతి ఇచ్చే కార్యాలయం, ఈ విషం అవసరమేనని మండలి నుంచి లేఖ అడిగింది. కీ విషయంలో తమకు సందేహమేమీ లేదు గనుక విషం అవసరం లేదని మండలి రాసిచ్చింది. ఈ నాలుగు వాక్యాలకు ఐదు వారాలు పట్టింది. ఈలోపు సీట్ల భర్తీ మొదటి విడత ముగిసింది.

ఆరో వారంలో భానుచందర్ ఆమెను కారిడార్‌లో పక్కకు పిలిచాడు.

"నాకు తెలీదా మేడమ్? టేబుల్లో వరసలు తిరగబడినాయి. ప్రూఫు సూసినోడు సూసుకోలేదు. ఇప్పుడు నేను తప్పని రాసిస్తే పుస్తకమంతా అనుమానమైపోతాది. పిల్లోళ్లు దేన్ని నమ్మల్ల?"

"ఆ పిల్ల నన్ను నమ్మింది సార్," అంది ప్రసన్నకుమారి. మర్నాడు ఫైలు కదిలింది. ఎంతైనా ఆయన కూడా ఒకప్పుడు కెమిస్ట్రీ చదివినవాడే.

పది రోజులకు ఉత్తర్వు వెలువడింది. నలభై ఆరో ప్రశ్నపై భిన్నాభిప్రాయాలు వ్యక్తమైనందున, dsp² అని రాసినవారికి ఒక మార్కు కలపాలని తీర్మానించారు. ప్రసన్నకుమారి ఆ వాక్యం చదివి, స్టాఫ్ రూములోనే నగరికి ఫోన్ చేసింది. అవతల మునిప్రసాద్ మగ్గం ఆపించి మరీ విన్నాడు. "మీ రుణం తీర్చుకోలేమమ్మా," అన్నాడు.

రెండో పేజీ ఆమె ఆ తర్వాత చదివింది. మండలి పుస్తకాన్ని నమ్మి sp³ అని రాసినవారు ఇప్పటికే ఒక మార్కు పొంది ఉన్నారనీ, ఇతరులకు కొత్తగా మార్కు కలపడం వల్ల వారి మనోభావాలు దెబ్బతినవచ్చనీ, అందువల్ల వారికీ మరో మార్కు కలపాలనీ అందులో ఉంది. ఏమీ రాయనివారికి కూడా, వారు తప్పు రాయలేదన్న కారణంగా, ఒక మార్కు. సీట్లు ఇప్పుడు నూట ముప్పై మూడు దగ్గర ఆగాయి. మహితకు నూట ముప్పై రెండు. అభ్యంతరం పరిష్కృతమైనట్టు ప్రసన్నకుమారి ఫోన్‌కు సందేశం వచ్చింది. సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారో తెలపాలని కోరారు.

ఈసారి నగరికి ఫోన్ చేయడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. మహితే ఎత్తింది. విని, "పోనీలే మేడమ్, మీరు బాధపడొద్దు," అంది. వెనక మగ్గం చప్పుడు ఆగలేదు.

నెల తిరక్కుండానే ఆ పిల్ల వేరే ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టుకుని, సందేహాలు అడగడానికి వడమాలపేటలో బస్సు దిగింది. సమన్వయ సమ్మేళనాల అధ్యాయం తెరిచి, పెన్ను పట్టుకుని కూర్చుంది.

"మేడమ్, నాలుగు సయనైడ్లుండే నికెల్‌కు సంకరీకరణం ఏం రాయల్ల?"

పద్దెనిమిదేళ్లుగా ఆ ప్రశ్నకు క్షణం తడుముకోకుండా జవాబు చెప్పిన ప్రసన్నకుమారి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మెల్లగా అడిగింది.

"ఏ పరీక్షకమ్మా?"