ప్రతినిధి మీటరు

నీటికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. న్యాయం మాత్రం ఉండి తీరాలని ఖరగ్‌పూర్ నీటి న్యాయ విభాగం వారు తీర్మానించారు. (అలాంటి విభాగం ఒకటుందని అంతవరకూ నీటికి గానీ, న్యాయానికి గానీ తెలియదు.)

తీర్మానానికి కారణం లేకపోలేదు. మీటరున్న ఇళ్ళవాళ్ళు, తాము పుక్కిలించి ఉమ్మినా లెక్కేననీ, మీటరు లేనివాళ్ళు స్కూటర్లకు తలంట్లు పోస్తున్నారనీ ఏడ్చేవారు. మీటరు లేనివాళ్ళు, కుళాయి వచ్చినా రాకపోయినా తమకు ఒకటే చార్జీ అని ఏడ్చేవారు. ఇద్దరి ఏడుపూ ఓపిగ్గా విన్న నీటి న్యాయాధికారి సిరిల్‌గారు ఒక సూత్రం కనిపెట్టారు. వీధికి ఒక మీటరు చాలు. ఆ ఇల్లు ఎంత వాడితే వీధిలో ప్రతి ఇల్లూ అంతే వాడినట్టు. దానికి ప్రతినిధి మీటరు అని పేరు పెట్టారు. కోట్లమంది తరఫున కొద్దిమంది కూర్చుని దేశాన్ని నడపగా లేనిది, ఒక వీధి తరఫున ఒక మీటరు తిరగలేదా అని ఆయన అడిగారు.

తాల్‌బగీచా పేటలో ఒక వీధికి అచ్యుతరావుగారిల్లు ప్రతినిధి అయింది. ఆయన రైల్వే లెక్కల ఆఫీసులో రిటైరైన మనిషి. కొలవనిది న్యాయం కాదని నమ్మి, ఎవరూ అడక్కుండానే పోయి మీటరు పెట్టించుకున్నారు. వీధి మొత్తానికి అదొక్కటే మీటరు. కోరి కొరివితో తల గోక్కోవడమని ఆయన భార్య రాజరాజేశ్వరి ఆ రోజే అంది.

మొదటి నెల రాజరాజేశ్వరి దుప్పట్లన్నీ ఉతికించింది. ఆ నెల వీధిలో ప్రతి ఇల్లూ దుప్పట్లు ఉతికినట్టు బిల్లు వచ్చింది. పక్కింటి దాలమ్మ, రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు భార్య, బిల్లు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అన్నయ్యగారూ, తమరు దుప్పట్లు ఉతుక్కుంటే మా బిల్లు పెరగడమేటి? ఈ నెల్లో నాను దుప్పటీయే ముట్టుకోనేదు."

"న్యాయం అందరికీ ఒకటే కదా దాలమ్మా," అన్నారు అచ్యుతరావుగారు.

"ఒకటే అయితే తానాలు కూడా ఒకటే సేసీసుకుందాం. మీరు మానీండి, మా బిల్లు తగ్గిపోద్ది."

ఆ సాయంత్రమే వీధివాళ్ళు సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించారు. అచ్యుతరావుగారు తన కుళాయి తిప్పరాదు. ఆయనకు కావలసిన నీళ్ళు వంతులవారీగా మీటరు లేని ఇళ్ళవాళ్ళు బిందెలతో తెచ్చి పోస్తారు. కుళాయికి ఎర్రగుడ్డ కట్టారు. (పొరపాటున చెయ్యి పడకుండా దాని పక్కన ఒక పసుపు కుంకుమ బొట్టు కూడా పెట్టారు.) మీటరు ముల్లు కదలడం మానేసింది. వీధి బిల్లు కరిగి కరిగి మాయమైంది. అంతవరకూ నీళ్ళు పొదుపుగా వాడినవాళ్ళు కూడా గేట్లు కడిగారు, గోడలు కడిగారు, ఒకాయన ఆఖరికి గొడుగు కడిగాడు. అచ్యుతరావుగారు మాత్రం పరాయి బిందెల నీళ్ళు పోసుకుంటూ, న్యాయం అమల్లోకి వచ్చినందుకు సంతోషించాలా సిగ్గుపడాలా తేల్చుకోలేక నలిగిపోయారు.

ఇంతలో ఆయన తల్లి కామేశ్వరమ్మగారి తద్దినం వచ్చింది.

"బిందెల నీళ్ళతో మడేమిటండీ?" అంది రాజరాజేశ్వరి. "ఎవరు ముట్టుకున్నవో, ఎక్కడ పెట్టినవో. అత్తగారి తద్దినం మనింటి కుళాయి నీళ్ళతోనే జరగాలి. ఆ ఎర్రగుడ్డ విప్పండి."

వీధివాళ్ళకు సంగతి తెలిసింది. తద్దినమంటే భోక్తల స్నానాలు, వంట, అంట్లు, గచ్చు కడగడం. అదంతా ఇంటింటి బిల్లుగా మారుతుంది. కాబట్టి తద్దినం క్లుప్తంగా పెట్టమనీ, వీలైతే వర్షాకాలానికి వాయిదా వెయ్యమనీ మర్యాదగా కోరారు. తిథి వాయిదా పడదని అచ్యుతరావుగారు చెబితే, రైళ్ళే వాయిదా పడుతున్నాయి కదా అన్నారు.

అచ్యుతరావుగారి తల్లి రైల్వే క్వార్టర్ల పేట న్యూ సెటిల్‌మెంట్‌లో వీధి కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడి నిలబడి పిల్లల్ని పెంచింది. సొంత కుళాయి ఉన్న ఇంట్లో ఒక్క పూటైనా ఉండకుండానే పోయింది. అలాంటి తల్లికి ఏడాదికోసారి దోసెడు నీళ్ళు సొంత కుళాయి నుంచి వదలడానికి వీధి అనుమతి కావాలా? బిల్లు ఎంతైనా రానీ అనుకున్నారు.

అదే సమయానికి నీటి న్యాయ విభాగం కూడా ఆ వీధి గురించే ఆలోచిస్తోంది. ప్రతినిధి మీటరు నెలల తరబడి కదలలేదంటే, వీధి దాహాన్ని జయించిందన్నమాట. అలాంటి వీధికి నీళ్ళివ్వడం ఇతర వీధులకు అన్యాయం. కనక సరఫరా ఆపవలసిందిగా ఉత్తర్వు వెలువడింది. (ఈ సంగతి నివాసులకు తెలియజేయలేదు, తెలిసే ఉంటుందని అంచనా వేశారు.)

తద్దినం నాటి పొద్దున న్యూ సెటిల్‌మెంట్ నుంచి పురోహితులు విశ్వనాథశాస్త్రిగారు సైకిలు మీద వచ్చారు. అచ్యుతరావుగారు ఎర్రగుడ్డ విప్పి కుళాయి తిప్పారు. కుళాయి బుస్సుమంది. చుక్క రాలేదు. మీటరు మాత్రం గిర్రున తిరగడం మొదలుపెట్టింది. (వాల్వు సగమే మూశారు, మిగతా సగం మూయడం వేరే విభాగం పని. నీళ్ళ ఒత్తిడి చాలక ఆ సందులోంచి గాలే తన్నుకొస్తోంది.)

ఆ చప్పుడుకి దాలమ్మ పరుగెత్తుకొచ్చింది.

"కట్టీండి బాబూ, కట్టీండి! నీల్లు నేవు గానీ మీటరు తిరిగిపోతంది! మా కులాయీ రానేదు. ఏటయిపోనాదో ఏటో!"

అచ్యుతరావుగారు కుళాయి కట్టలేదు. వస్తుందేమోనన్న ఆశతో తడిలేని చేతులు కింద పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి దాలమ్మ వెనక్కి పోయింది. తన డ్రమ్ములో మిగిలిన నీళ్ళు బిందెలోకి వంచి తెచ్చి గుమ్మం అవతల దించింది. లోపలికి తేవాలా వద్దా అన్నట్టు రాజరాజేశ్వరి వైపు చూసింది.

"వొదినగారూ, మీ అత్తగారు ఈది కులాయికాడ మా అత్తెనకాలే బిందట్టుకుని నిలబడీవోరు. ఆ కులాయికి మడి నేదు."

రాజరాజేశ్వరి గుమ్మం దాటి వచ్చి బిందె అందుకుంది. శాస్త్రిగారు శాస్త్రాన్ని కాసేపు తలుచుకుని, పితృదేవతలు వాయురూపంలో వస్తారు, వాళ్ళకి శ్రద్ధ ముఖ్యం అన్నారు. ఆ నీళ్ళతోనే తర్పణం జరిగింది. కుళాయి సంగతి అందరూ మర్చిపోయారు. అది మధ్యాహ్నం దాకా బుసకొడుతూనే ఉంది.

మర్నాడు అచ్యుతరావుగారు దాలమ్మతో కలిసి నీటి న్యాయ విభాగం ఆఫీసుకెళ్ళి, వీధికి నీళ్ళు రావడం లేదని ఫిర్యాదు చేశారు. సిరిల్‌గారు కంప్యూటరు చూశారు.

"రావుగారూ, నిన్న మీ మీటరు బ్రహ్మాండంగా తిరిగింది. నీళ్ళు రాకుండా మీటరెలా తిరుగుద్ది?"

"అది గాలండీ."

"మా రేట్లలో గాలి లేదు. నీళ్ళే ఉన్నాయి. నిన్న మీ ఇంట్లో విశేషమేమైనా ఉందా?"

"మా అమ్మగారి తద్దినం."

"ఆవిడ వచ్చారా?"

"వస్తారనే మా నమ్మకం. వాయురూపంలో."

"ఠీక్ హై," అన్నారు సిరిల్‌గారు, ఎంతో తేలికపడి. "అయితే సరిపోయింది. వాడకం సక్రమమే."

"అలగైతే ఆ బిల్లు మాకూ ఏస్తారేటి?" అంది దాలమ్మ.

"వీధంతటికీ తద్దినం జరిగినట్టే కదమ్మా," అన్నారాయన.

ఫిర్యాదు అక్కడితో పరిష్కారమైంది. అచ్యుతరావుగారి చేతికి ఒక కాగితం వచ్చింది: 'నీరు అందినది. స్వీకర్త: కామేశ్వరమ్మ (కీర్తిశేషులు).' జీవితమంతా కుళాయి దగ్గర వరసలో నిలబడిన ఆవిడకు నీళ్ళిచ్చినట్టు ఏ ఆఫీసైనా రాసివ్వడం అదే మొదటిసారి.