సూపరింటెండెంటు గారి గుర్రపు తనిఖీ

పార్కులోని పదకొండు కిలోమీటర్ల నడకదారి, దాన్ని ఆనుకుని సాగే గుర్రపు దారి అత్యుత్తమ స్థితిలో ఉన్నాయని పార్కు సూపరింటెండెంటు గారు వరసగా పద్నాలుగో ఏడు కూడా ధ్రువీకరించారు. ఇందుకోసం ఆయన ఎప్పటిలాగే కుర్చీలోంచి లేవలేదు. కిటికీ తెరిస్తే దారిలో మొదటి ఇరవై గజాలూ కనిపిస్తాయి. కళ్లెదుట అంత బుద్ధిగా ఉన్న దారి, చాటుకు వెళ్లగానే చెడిపోతుందని అనుమానించడం ఆయన సంస్కారం కాదు.

ఇలా సజావుగా సాగుతుండగా పై ఆఫీసుకు కొత్త డైరెక్టరు గారు వచ్చారు. కొత్తవారు కనుక ఆయనకు పనిచేయాలనే చిన్న బలహీనత ఉంది. ఇకపై తనిఖీ గుర్రం మీదే జరగాలని, గుర్రమెక్కిన అధికారి ఫోటో జతపరచాలని ఉత్తర్వు పంపారు.

సూపరింటెండెంటు గారికి గుర్రాలంటే గౌరవం. ఎంత గౌరవమంటే, పద్నాలుగేళ్లుగా వాటికి పదడుగుల దూరంలోనే నిలబడ్డారు. ఉత్తర్వు అందిన సాయంత్రమే ఇంట్లో సోఫా చేతి మీద సాధన మొదలుపెట్టారు. మూడో రోజు కింద పడ్డారు.

“ఏవండీ, సోఫా కదల్లేదు కదా, ఎలా పడ్డారు?” అంది భార్య.

“కదులుతుందేమోనని” అన్నారాయన మోకాలు రుద్దుకుంటూ.

తనిఖీ రోజు రానే వచ్చింది. లాయం చూసుకునే ఆవిడ, ఉన్న నాలుగింటిలోకి ముసలిదైన ఆడగుర్రానికి జీను వేసి ఉంచింది. అది అడుగు తీసి అడుగు వేయడానికి పట్టే సమయం చూసినవాళ్లు దానికి ‘తొందర’ అని ముద్దుపేరు పెట్టారు.

“కళ్లెం గట్టిగా లాగకండి సార్. దానికి దారి తెలుసు.”

“నాకూ తెలుసమ్మా. ఆ దారి మీద పద్నాలుగు సంతకాలు పెట్టాను.”

ఫోటో తీశారు. ఆయన లెక్కలో ఉత్తర్వు కోరినదంతా అక్కడితో పూర్తయింది. ఇక దిగుదామని ఆయన కాలు కదిపారు. బయల్దేరమన్నారనుకుని తొందర బయల్దేరింది.

మొదటి ఇరవై గజాలూ నిజంగానే అత్యుత్తమంగా ఉన్నాయి. ఇరవై ఒకటో గజంలో దారి ముళ్లపొదల్లోకి దూరింది. ఆయన మూడుసార్లు మరమ్మతు చేయించిన చెక్క వంతెన చోట వాగు మాత్రమే ఉంది. తొందర వాగులో దిగి, తీరిగ్గా నీళ్లు తాగి, అవతలి గట్టెక్కింది. ఆకుల సందుల్లోంచి ఎండ చినుకుల్లా రాలుతోంది. ఎక్కడో పిట్ట కూసింది. సూపరింటెండెంటు గారు తనకు తెలియకుండానే గుర్రం మెడ నిమిరారు. తన పార్కు ఇంత అందంగా ఉంటుందని ఇంతవరకు ఎవరూ ఆయనకు ఫైలు పెట్టలేదు.

మలుపు తిరగ్గానే ఒక బండరాయి పక్కన పన్నెండు మంది వాకర్లు చెమటలు కక్కుతూ కనిపించారు. ముందు నిలబడ్డాయన రిటైరైన లెక్కల మాస్టారు.

“పొద్దుట్నుంచి ఈ రాయి దగ్గరికి రావడం ఇది ఐదోసారి సార్” అన్నారు మాస్టారు. “బాణం గుర్తులు చూసుకునే నడుస్తున్నాం.”

“రెండోసారికే అర్థం కాలేదా మాస్టారూ?”

“అర్థం కాకేం! కానీ ప్రభుత్వం వేసిన బాణమండీ. కాదనడానికి మేమెవరం?”

తొందర చెవులాడించి, బాణానికి ఎదురుదిక్కుగా తిరిగింది. దాని తోక పట్టుకున్నంత పనిచేసి పన్నెండు మందీ గేటు చేరారు.

ఆ రోజు సూపరింటెండెంటు గారు జీవితంలో మొదటిసారి చూసింది చూసినట్టు రాశారు. లోపాలు ముప్పై ఏడు తేలాయి. వారం తిరక్కుండా డైరెక్టరు గారి జవాబు వచ్చింది: “పద్నాలుగేళ్ల కుర్చీ తనిఖీలలో ఒక్క లోపమూ లేదు. ఒక్కసారి గుర్రం వెళ్లగానే ముప్పై ఏడు ఏర్పడినవి. కావున లోపములకు గుర్రమే కారణమని రుజువైనది. గుర్రములను తక్షణం తొలగించవలెను.”

మూడు గుర్రాలను వేరే పార్కు తీసుకుంది. ముసలిదాన్ని ఎవరూ అడగలేదు. లాయం ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“దీన్నేం చేస్తారు సార్?”

“మా పెరట్లో కట్టేద్దాం. మీరు రోజూ వచ్చి చూసుకోండి. ఆదివారాలు మాత్రం నాకు కావాలి.”

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆయన సొంత ఖర్చుతో, సొంత టోపీతో తొందర మీద పార్కంతా తిరుగుతూ, తప్పిపోయిన వాకర్లను గేటు దాకా దిగబెడుతున్నారు. నిద్ర బాగా పడుతోందని, పొట్ట రెండంగుళాలు తగ్గిందని భార్య అందరికీ చెబుతోంది.

మొన్న ఆయన బల్ల మీదికి ఒక ఫిర్యాదు వచ్చింది. “అధికారిక బాణములకు విరుద్ధంగా, ఆమోదం లేని దారిలో, నిషేధించిన గుర్రమొకటి మమ్మల్ని క్షేమంగా ఇళ్లకు చేర్చినది. బాధ్యులపై చర్య తీసుకోగలరు.” మొదటి సంతకం లెక్కల మాస్టారిది. కింద వరసగా, తొందర దిగబెట్టిన వాళ్లందరివీ ఉన్నాయి. సూపరింటెండెంటు గారు చదివి, హాయిగా నవ్వుకుని, మిగతా ప్రజలు కూడా వాడుకునేందుకు వీలుగా ఆ కాగితాన్ని గేటు దగ్గర నోటీసు బోర్డుకు తగిలించారు.

అడుగున సంతకాలకు ఇంకా చోటుంది. చదువుకున్నవారు, మీకు వేరే చెప్పాలా? పెన్ను పక్కనే దారంతో కట్టి ఉంది.